వేల్స్ ఎర్ర డ్రాగన్‌కూ, మెర్థర్ ఎర్రజెండాకూ సంబంధం ఉందా?

నమస్కారమండీ. వేల్స్ చరిత్రలో ఎరుపు రంగు గురించి చదువుతూ ఒక చోట ఆగిపోయాను. 9వ శతాబ్దం నాటి లాటిన్ చరిత్ర గ్రంథంలో ఎర్ర డ్రాగన్, తెల్ల డ్రాగన్ పోట్లాడుకుంటాయి. ఎర్రది బ్రిటన్లకు, అంటే వెల్ష్ ప్రజల పూర్వీకులకు, తెల్లది వాళ్ల మీదికి దండెత్తి వచ్చిన శాక్సన్లకు గుర్తు. 1485లో బాస్వర్త్ యుద్ధానికి, వెల్ష్ మూలాలుండి ఆ గెలుపుతో ఇంగ్లండ్ రాజైన హెన్రీ ట్యూడర్ పట్టుకెళ్లిందీ ఎర్ర డ్రాగన్ జెండానే. ఇంతవరకు బాగానే అర్థమైంది.

కానీ 1831లో దక్షిణ వేల్స్‌లోని ఇనుప పరిశ్రమల పట్టణం మెర్థర్ టిడ్విల్‌లో కార్మికులు కూలి కోతల మీద, అప్పుల కోర్టు జప్తుల మీద తిరగబడి, దూడ నెత్తురులో ముంచిన గుడ్డను జెండాగా ఎత్తారంటారు. అది చదివాక మనసు కుదుటపడలేదు. పస్తులున్న ఆ మనుషులకు ఆ ఎరుపులో పాత డ్రాగన్ కనిపించిందా, లేక కేవలం తమ నెత్తురేనా? వెల్ష్ భాష వచ్చినవాళ్లు, మెర్థర్ చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఆనాటి కార్మికుల మాటలు ఎక్కడ చదవొచ్చో తెలిపినా చాలు.