చెరువు భద్రమో కాదో ఒక్క భాగహారంతో తేలుతుందా?

నర్సంపేట రైతుబిడ్డ:
పత్తి చేన్ల నడుమ ఉన్న చెరువుకు ముప్పు ఎంతో తేల్చేందుకు ఒక లెక్క చెప్తున్నరు. నీళ్లలో ఉన్న పురుగుల మందు మోతాదును, జీవికి హాని చేసే మోతాదుతో భాగించాలె. 1 దాటకుంటే భయం లేదట. ఆ ఒక్క అంకెను నమ్మొద్దని నా వాదన. హాని మోతాదు ఏ జీవిది? ఎక్కువసార్లు డాఫ్నియా అనే చిన్న నీటి జీవిది, 48 గంటల పరీక్షల తేలింది. పత్తి విత్తనాలకు పట్టించే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుల మందునే చూడండి. డాఫ్నియాలు సగం కదలకుండ పడిపోవాలంటే లీటరుకు సుమారు 85 మిల్లీగ్రాములు కావాలె. నీళ్లల పెరిగే మేఫ్లై అనే పురుగు లార్వాలకు కొన్ని మైక్రోగ్రాములే (మైక్రోగ్రామంటే మిల్లీగ్రాముల వెయ్యో వంతు) చాలు. చేపపిల్లలకు తిండి అసొంటి పురుగులే.

హనుమకొండ ల్యాబ్:
అన్నా, అందుకే గదా హాని మోతాదును ముందే 1000తో భాగించి తగ్గించేది? చెరువులు వేలల్ల ఉన్నయి. ప్రతి దాంట్ల ప్రతి జీవినీ పరీక్షించేదాక ఆగితే ఏ ఊరికీ జవాబు రాదు. ముందు జల్లెడ పట్టనియ్యి.

నర్సంపేట రైతుబిడ్డ:
తమ్మీ, 1000తో భాగిస్తే లీటరుకు 85 మైక్రోగ్రాములు. నీళ్లలో 10 మైక్రోగ్రాములు ఉన్నదనుకో, 85తో భాగిస్తే 0.12. నీ జల్లెడ భద్రమంటది, మేఫ్లైలు చస్తుంటయి. రాబందులను యాది చేసుకో. డైక్లోఫినాక్ పశువుల నొప్పి తగ్గించిన మందే. ఆ కళేబరాలు తిన్న రాబందులకు కిడ్నీలు పాడైనయి. 2006లో పశువులకు వాడొద్దని నిషేధించేసరికే దేశంల రాబందులు చాలామటుకు పోయినయి. బెజ్జూరు దగ్గర పాలరాపు గుట్ట మీద కొన్ని కనబడితే, వాటికి కాపలా పెట్టుకోవాల్సొచ్చింది. ఏ జీవికి ఏది విషమో ముందే అడిగినోళ్లు లేకపాయె.

ములుగు టీచరమ్మ:
అన్ని జాతుల తట్టుకునే శక్తినీ ఒక వక్రరేఖ మీద పెట్టి, నూటికి 95 జాతులకు హాని కాని మోతాదు తీసే పద్ధతి కూడా ఉంది కదా. అందులో పురుగులకు వేరే రేఖ గీస్తే ఈ తేడా దాగదు.

హనుమకొండ ల్యాబ్:
ఒప్పుకుంటున్న మేడమ్. పురుగుల మందుకు పురుగుల మీదనే పరీక్ష ఉండాలె. కానీ తొలి వడపోత వద్దంటే మాత్రం ఒప్పుకోను.

నర్సంపేట రైతుబిడ్డ:
వడపోత ఉండనీ, నీళ్లు పట్టే కాలం మార్చండి. యాసంగిల సీసా నింపితే ఏం దొరుకుతది? జూన్‌ల విత్తినంక మొదటి పెద్ద వానకు, వాగు చెరువుల కలిసేకాడ పూటకోసారి పట్టాలె. అక్కడే అడుగు బురద వలతో తీసి ఏ పురుగులు బతికున్నయో లెక్కపెట్టాలె. వానకు ముందొకసారి, తర్వాతొకసారి.