బరువు బండి నెమ్మదిలో ఒరిగితే పట్టుకునేదా, వదిలేసేదా?

చంద్రగిరి కోట దారి:
రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కర్బ్ వెయిట్ (పెట్రోలు, ఆయిల్‌తో కలిపి బండి బరువు) 195 కిలోలు. అలిపిరి చెక్‌పోస్టు లైన్లో అడుగడుగునా ఆగుతూ కదిలేటప్పుడో, ఇరుకు రోడ్డులో యూ టర్న్ తిప్పేటప్పుడో బండి ఒక పక్కకు వాలిపోతే ఏం చేయాలి? షెడ్డులో అడిగితే 'వదిలెయ్ సామీ, ఇంజను ముందర లెగ్ గార్డ్ కమ్మీ ఎందుకుండేది' అంటారు. పాత బుల్లెట్ వాళ్లేమో కాలు గట్టిగా ఊనితే ఆగుతుందంటారు. ఎవరి మాట వినాలి?

సెకండ్ గేర్:
కాలు ఊనితే ఆగేది మొదట్లోనే. గరిమనాభి (బండి బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కేసే బిందువు) నేల నుంచి అర మీటరు, హ్యాండిల్ ఒక మీటరు ఎత్తు అనుకుని లెక్క వేయండి. 10 డిగ్రీలు వాలితే చేతి మీద పడే బరువు దాదాపు 17 కిలోలు. 20కి 33, 30కి 49, 45కి 69. ఇది కదలకుండా నిలబడిన బండి లెక్క. పడుతున్న బండికి ఊపు కూడా తోడవుతుంది. ట్యాంకు నిండా 13 లీటర్లుంటే అందులో పదికిలోలు పెట్రోలే. 15 డిగ్రీలు దాటాక పట్టుకోబోతే పోయేది నడుమో, భుజమో, మోకాలో. క్లచ్ లివర్ కొత్తది దొరుకుతుంది.

మొగిలి మలుపు:
లెక్క బాగుండాది అన్నా, కానీ డిగ్రీలు కొలుస్తా కూర్చునేంత టైం ఎక్కడుంటాది? పైగా పక్కన మనుషులుండారు. తిరుపతిలో సాయంత్రం పూట బస్టాండు ముందర బండి వదిలేస్తే పక్కోడి పాదం మీద పడతాది. కనీసం వేగం తగ్గించి దించాల.

సెకండ్ గేర్:
దించడానికి నాకు అభ్యంతరం లేదు, ఆపబోవడమే తప్పు. వాలుతున్న వైపు కాలు బండికి దూరంగా జరపాలి, హ్యాండిల్ మాత్రం వదలకుండా కిందిదాకా తోడు పోవాలి. వదిలెయ్యమన్నది కాలితో ఆపే ప్రయత్నాన్ని. క్లాసిక్ 350కి సైలెన్సర్ కుడి వైపు ఉంటుంది. కుడికి పడినప్పుడు పిక్క దాని కింద ఇరుక్కుంటే ఎముక బాగున్నా చర్మం మిగలదు. లెగ్ గార్డ్ ఉంటే బండి పూర్తిగా పడుకోదు, కాలు తీసుకోవడానికి సందు దొరుకుతుంది. ఆ గార్డ్‌ను పట్టి ఉంచే బోల్టులు లూజుగా ఉంటే మాత్రం పడగానే అది మడుచుకుని ఇంజను మీదికే వస్తుంది.

కరకంబాడి క్లచ్:
అసలు పడకుండా చూసుకునే మాట ఎవరూ ఎత్తడం లేదేం? నెమ్మదిలో పడటానికి పెద్ద కారణం ఒకటి: హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పిండటం. చక్రం ఠక్కున ఆగుతుంది, బరువంతా తిరిగిన వైపుకే జారుతుంది. యూ టర్న్‌లో ముందు బ్రేకు మీద నుంచి వేళ్లు తీసేయండి. యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి పట్టుకుని, క్లచ్ సగం వదిలి, వెనక బ్రేకుతో వేగం అదుపు చేయండి. చూపు ముందు చక్రం మీద కాదు, మలుపు ముగిసే చోట ఉండాలి. ఘాట్ హెయిర్‌పిన్ మలుపు మధ్యలో ఇంజను ఆగిపోయినా ఇదే జరుగుతుంది, కాలు పెట్టబోతే కింద పల్లం. మలుపుకు ముందే ఫస్ట్ గేర్. ఇంకోటి, వెనక చీర కట్టుకుని ఒకవైపు కూర్చున్నవాళ్లుంటే బరువు ఎడమకు లాగుతుంటుంది. వాళ్లు చెప్పకుండా దిగితే బండి ఎగిరినట్టు కదులుతుంది. ముందే చెప్పుకోండి.

చంద్రగిరి కోట దారి:
సరే, పడింది. లేపేది ఎట్ల? ఎదురుగా నిలబడి రెండు చేతులతో హ్యాండిల్ లాగమంటారు కొందరు, వీపు ఆనించి నెట్టమంటారు ఇంకొందరు.

సెకండ్ గేర్:
ఒక్కరే ఉంటే వీపు ఆనించే పద్ధతే. ముందు ఇంజను ఆపి తాళంచెవి తీయండి. పాత కార్బురేటర్ బండి అయితే పెట్రోలు కాక్ (ట్యాంకు కింది కుళాయి) మూయండి. ఆ తర్వాత ఏ వైపు పడిందో చూడాలి, అందరూ తప్పు చేసేది ఇక్కడే. కుడికి పడితే సైడ్ స్టాండు, గేర్ లివర్ రెండూ పైనే ఉంటాయి: స్టాండు ముందే తెరవండి, ఫస్ట్ గేర్ వేయండి. గేర్ పడకపోతే వెనక చక్రాన్ని చేత్తో కొంచెం తిప్పితే పడుతుంది. ఎడమకు పడితే రెండూ కింద ఉంటాయి. ఫస్ట్ గేర్లోనే ఆగిపోయి ఉంటే ఆ గేరే వెనక చక్రాన్ని పట్టి ఉంచుతుంది. కాబట్టి ఎడమ గ్రిప్ పట్టుకునేటప్పుడు రబ్బరు మాత్రమే పట్టండి. క్లచ్ లివర్ కూడా కలిపి పిండితే చక్రం ఫ్రీ అయ్యి బండి జారుతుంది. కుడికి పడితే దీనికి ఉల్టా: గ్రిప్‌తో పాటు ముందు బ్రేకు లివర్ పిండటమే మంచిది.

ముందు చక్రం నేల వైపు తిరిగేలా హ్యాండిల్ పూర్తిగా తిప్పండి, కింది గ్రిప్ మీ తుంటి దగ్గరకు వస్తుంది. సీటుకు వెనుతిరిగి పిరుదులు సీటు అంచుకు ఆనించండి. ఎడమకు పడితే కుడి చేత్తో ఎడమ గ్రిప్, ఎడమ చేత్తో వెనక గ్రాబ్ రెయిల్ (సీటు వెనక పట్టుకునే కమ్మీ). కుడికి పడితే చేతులు మారతాయి. మోకాళ్లు వంచి, వీపు నిటారుగా, చేతులు చాచి ఉంచి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి. ఎత్తేది కాళ్లు, చేతులు కొక్కేలు మాత్రమే.

మొగిలి మలుపు:
ఘాట్‌లో ఇది సాగదన్నా. సీటు పల్లం వైపుంటే బండి లేవనే లేవదు. లెగ్ గార్డ్ ఇరుసుగా పెట్టుకుని ముందు చక్రాన్ని జరిపి, చక్రాలు పల్లం వైపుకు, సీటు మెరక వైపుకు వచ్చేటట్లు చేసుకోవాల. అప్పుడు తేలిగ్గా లేస్తాది. కానీ సగం పైకొచ్చినాక బరువు తెలీదు, అటుపక్కకు పడిపోయేది కూడా అప్పుడే.

సెకండ్ గేర్:
ఒప్పుకుంటున్నా, అందుకే కుడికి పడినప్పుడు స్టాండు ముందే తెరవాలన్నది. ఎడమకు పడితే నిటారుగా వచ్చాక తుంటికి ఆనించుకుని, ఆ తర్వాతే పాదంతో స్టాండు దించండి. కంకర, ఇసుక, తడి ఉంటే ఒక్కరే ప్రయత్నించొద్దు. ఇద్దరుంటే ఎదురుగా నిలబడి లాగే పద్ధతే చాలు, ఒకరు హ్యాండిల్, ఒకరు వెనక రెయిల్, ఒకే మాటకు ఎత్తాలి.

కరకంబాడి క్లచ్:
లేపగానే స్టార్ట్ చేయకండి. నాలుగైదు నిమిషాలు నిలబెట్టి ఆయిల్ కిందికి దిగనివ్వండి. ఇంజెక్షన్ బండ్లలో ఒరిగితే సెన్సార్ ఇంజను ఆపేస్తుంది. చాలా వాటికి తాళం ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరిపోతుంది. యాక్సిలరేటర్ వదలగానే వెనక్కి వస్తుందా, హ్యాండిల్ రెండు వైపులా ట్యాంకుకు తగలకుండా తిరుగుతుందా చూడండి. గేర్ లివర్ లోపలికి వంగితే గేర్లు సరిగ్గా పడవు. హ్యాండిల్ మీది క్లచ్, బ్రేకు లివర్ల బ్రాకెట్ బోల్టులు మరీ బిగించకుండా, గట్టిగా నెడితే తిరిగేలా ఉంచుకోండి. పడ్డప్పుడు లివర్ విరక్కుండా తిరుగుతుంది. అయినా దూరం పోయేవాళ్లు ఒక క్లచ్ లివర్ సంచిలో పడేసుకోండి.

మొగిలి మలుపు:
ఎండాకాలం తారు మెత్తబడి సైడ్ స్టాండు దిగిపోయి ఒరిగేది మరిచిపోయినారు. తిరుపతిలో మే నెల్లో నిలబెట్టేటప్పుడు స్టాండు కింద ఒక చపటా రాయి పెట్టుకోండి. డిగ్రీల గొడవ మాత్రం నేను ఒప్పుకోను, నాకు 20 దాకా ఆగుతాది.

సెకండ్ గేర్:
కాలికి గట్టి బూటు, కింద పొడి సిమెంటు ఉంటే ఆగుతుంది. చెప్పులేసుకుని ఇసుకలో 10కే పోతుంది.