బరువు తక్కువ బిడ్డ: మొదటి గంటల్లో ఇంక్యుబేటర్ బాక్సులోనా, తల్లి గుండెల మీదా?

పాప నాన్న (చర్చ మొదలుపెట్టినవారు):
మా పాప ముప్పై రెండో వారంలోనే పుట్టింది, 1,450 గ్రాములు. పుట్టగానే లోపలికి తీసుకెళ్ళి తలుపేశారు. నా భార్య తన బిడ్డను నాలుగో రోజు చూసింది, అదీ అద్దంలోంచి. పాలు పిండి గిన్నెలో పంపేవాళ్ళం, ఎవరి పాలు ఎవరికి పోతున్నాయోనని అదో టెన్షన్. పాపకిప్పుడు రెండేళ్ళు, బాగానే ఉంది. అయితే ఇలాంటి పిల్లలకు పుట్టిన వెంటనే కంగారూ కేర్, అంటే బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా ఛాతీ మీద పెట్టుకోవడం, మొదలుపెట్టాలని, రోజుకు 8 నుంచి 24 గంటలు చేయాలని డబ్ల్యూహెచ్ఓ 2022లోనే చెప్పిందట. మరి తల్లిని బయటెందుకు ఉంచుతున్నారు?

పిల్లల డాక్టర్:
ఇన్ఫెక్షన్ భయంతో ఉంచుతాం, ఇంకెందుకూ కాదు. ఆ బరువులో మొదటి గంటల్లో ఆయాసం రావచ్చు, షుగర్ పడిపోవచ్చు, ఊపిరి మధ్యలో ఆగిపోవచ్చు. వార్మర్ మీద, అంటే పైనుంచి వేడి తగిలే బల్ల మీద, ఉంటే కంటికి కనిపిస్తుంది. కొంగు కింద ఏం కనిపిస్తుంది? ముందు బిడ్డ నిలదొక్కుకోవాలి, తర్వాతే తల్లికి. మేం చదువుకున్నది ఇదే.

నైట్ డ్యూటీ సిస్టర్:
డాక్టరు గారూ, మీరు చదువుకున్నదాన్నే పరీక్షకు పెట్టారు. ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియా, మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రుల్లో 1 నుంచి 1.8 కిలోల లోపు పిల్లలు 3,211 మంది. సగం మందిని పుట్టగానే తల్లి గుండెల మీద ఉంచారు, సగం మందిని మీరు చెప్పినట్టే చూశారు. 28 రోజుల్లో చనిపోయినవాళ్ళు మొదటివాళ్ళలో 12 శాతం, రెండోవాళ్ళలో 15.7 శాతం. తేడా తేలిపోయాక మధ్యలోనే ఆపేశారు. 2021లో అచ్చయింది. ఇన్ఫెక్షన్ అనుమానం కూడా తల్లి దగ్గరున్నవాళ్ళలోనే తక్కువ. నాకిది వింతగా అనిపించలేదు. ఒక్క రాత్రిలో నా చేతులు ఎంతమంది పిల్లల మీద పడతాయి? తల్లి చేయి ఒక్కరి మీదే. ఇక కొంగు సంగతి: కాలికి ఆక్సిజన్ చూపించే పల్స్ ఆక్సీమీటర్ ఉంటుంది కదండీ.

ఊరికే చదివేవాడు:
ఇంక్యుబేటర్లు కొనలేని దేశాలు తల్లుల మీదకు నెట్టేసిన వ్యవహారంలా ఉంది.

నైట్ డ్యూటీ సిస్టర్:
మొదలైంది అలాగే. 1978లో కొలంబియా బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలకే. ఇప్పుడు స్వీడన్‌లోనూ చేస్తున్నారు, వాళ్ళకు డబ్బు లేకనా?

పిల్లల డాక్టర్:
నేనూ చదివాను సిస్టర్. పుట్టిన గంటకు కూడా సొంతంగా ఊపిరి తీయలేని బిడ్డలు అందులో లేరు. కిలో లోపువాళ్ళూ లేరు. గాంబియాలో కాస్త అస్థిరంగా ఉన్న పిల్లలతో, మూడు వందల లోపు మందితో ఇలాగే చేస్తే మరణాల్లో తేడా తేలలేదు. అది చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటాను. నా అసలు బెంగ వేరు. తల్లి మా యూనిట్‌లో ఉండగా రక్తస్రావమైతే ఎవరు చూస్తారు? గైనిక్ వార్డు రెండో అంతస్తు, మేం కింద.

కుట్లున్న అమ్మ:
ఇప్పటికి బాలింత గుర్తొచ్చింది! నాకు బీపీ పెరిగి ఏడో నెలలో సిజేరియన్ చేశారు. పక్కకు తిరగడానికే రెండో మనిషి కావాలి. ఆ ట్రయల్లో రోజుకు దాదాపు 17 గంటలు పెట్టుకున్నారట కదా, ఎలా?

నైట్ డ్యూటీ సిస్టర్:
తల్లి కోలుకునేదాకా అమ్మమ్మో, పిన్నో, ఇంట్లోవాళ్ళెవరైనా పెట్టుకోవచ్చమ్మా. డాక్టరు గారూ, మీ ప్రశ్నలో ఇన్ఫెక్షన్ పోయింది, అంతస్తులు మిగిలాయి. గైనిక్ సిస్టర్లు పూటకోసారి కిందికి దిగొచ్చి చూస్తే తీరే పనది. దిగమని రాతపూర్వకంగా చెప్పేవాళ్ళే లేరు.

పాప నాన్న:
నాన్నలు పనికొస్తారా? నాకు ఛాతీ నిండా వెంట్రుకలే.

నైట్ డ్యూటీ సిస్టర్:
పనికొస్తారు. స్నానం చేసి రండి, ఫోన్ బయట పెట్టండి.

పిల్లల డాక్టర్:
వెంటిలేటర్ మీదున్న బిడ్డను, రక్తప్రసరణ పడిపోయి షాక్‌లో ఉన్న బిడ్డను ఇవ్వను. డబ్ల్యూహెచ్ఓ కూడా ఇవ్వమనలేదు. ఒకటిన్నర కిలో దాటి, ఊపిరి బాగున్న పిల్లలతో మొదలుపెట్టి చూస్తాను. వార్మర్ల మధ్య రెండు కుర్చీలకు చోటుంది.

కుట్లున్న అమ్మ:
కుర్చీలొద్దు సార్. తలవైపు ఎత్తు చేసుకునే మంచం అడగండి. ప్లాస్టిక్ కుర్చీలో గంట కూర్చుంటే కుట్లు లాగేస్తాయి, బిడ్డను మేమే దించేస్తాం. పక్కనే బాత్రూమ్ కూడా కావాలి.