అప్‌డేట్: షేర్డ్ ఫోల్డర్ తెరుచుకుంది, తప్పు ఫైర్‌వాల్‌ది కాదు

తిరుపతిలో మా ఆఫీసు కొత్త కంప్యూటర్‌లో బిల్లుల షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవడం లేదని, ఫైర్‌వాల్ అడ్డుకుంటోందేమోనని పోయిన వారం అడిగినాను కదా, తీరింది. సలహా చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్.

కొత్తది విండోస్ 11 ప్రో, 24హెచ్2 వెర్షన్. ఫోల్డర్ ఉన్నది పాత విండోస్ 10 మిషన్‌లో, పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరుచుకునేలా పెట్టింది. 24హెచ్2 నుంచి ప్రోలో ఎస్ఎంబీ సైనింగ్ మామూలుగానే తప్పనిసరి. ఎస్ఎంబీ అంటే విండోస్ నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి, సైనింగ్ అంటే మధ్యలో ఎవరూ మార్చలేదని చూపేందుకు ప్రతి మెసేజ్‌కూ వేసే ముద్ర. గెస్ట్‌కు పాస్‌వర్డే లేదు, ఇక సైన్ చేసే కీ ఎక్కడినుంచి వస్తుంది? అందుకే పింగ్ వెళ్తున్నా (అంటే రెండు మిషన్లూ నెట్‌వర్క్‌లో కలుస్తున్నా), ఎస్ఎంబీ వాడే 445 పోర్టు తెరిచే ఉన్నా లోపలికి రానివ్వలేదు.

సైనింగ్ ఆపేయమని కొందరు చెప్పినారు. బిల్లులున్న ఫోల్డర్‌కు ఆ పని చేయకండి. పాత మిషన్‌లో పాస్‌వర్డ్‌తో లోకల్ యూజర్‌ను చేసి, షేర్ పర్మిషన్లలో 'చేంజ్', సెక్యూరిటీ ట్యాబ్‌లో 'మోడిఫై' ఇచ్చినాను. రెండుచోట్లా ఇవ్వాల్సిందే, ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. సెక్యూరిటీలో మరిచిపోతే ఫోల్డర్ పేరు కనిపిస్తుంది గానీ, క్లిక్ చేస్తే యాక్సెస్ డినైడ్.

తర్వాత కొత్త కంప్యూటర్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ (విండోస్ యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు దాచుకునే చోటు) తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో పాత ఎంట్రీ తీసేసి ఈ యూజర్‌ను చేర్చినాను. మిషన్ పేరుతో సేవ్ చేసి ఐపీ అడ్రస్‌తో తెరిస్తే మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఏదో ఒకదానికే కట్టుబడండి. 1219 ఎర్రర్ వస్తే పాత కనెక్షన్ ఇంకా వదల్లేదని అర్థం. సైన్ అవుట్ చేసి మళ్లీ లాగిన్ అయితే పోతుంది.

స్కానర్ కూడా ఇదే ఫోల్డర్‌లోకి పంపుతుంటే, దాని సెట్టింగ్స్‌లోనూ ఈ యూజర్, పాస్‌వర్డ్ ఇవ్వండి.