రఫౌట్ కౌబాయ్‌లోంచి మా తాతయ్యను తీయాలి, ముఖం దగ్గర ఆగిపోయాను

మిన్నెసోటా_చలి:
అందరికీ నమస్కారం. మేముండేది మిన్నియాపాలిస్‌లో. ఇక్కడ చలికాలమంతా ఇంట్లోనే కూర్చోవాలి కాబట్టి రెండేళ్ల కిందట దగ్గర్లోని సీనియర్ సెంటర్లో కొయ్యబొమ్మలు చెక్కే క్లాసులో చేరాను. మొదట చెంచాలు, తర్వాత చిన్న పక్షులు, ఇప్పుడు క్యారికేచర్ బొమ్మలు, అంటే ముక్కు, పొట్ట లాంటివి నవ్వొచ్చేలా పెద్దవి చేసి చూపేవి. వీటి కోసమే రఫౌట్లు కొన్నాను. తెలియనివాళ్లకు చెప్తాను, రఫౌట్ అంటే మెషీన్ సగం చెక్కి ఇచ్చిన బొమ్మ. ఒక అసలు బొమ్మ మీద కడ్డీ ఒకటి తడుముతూ వెళ్తుంటే, దాంతోపాటే కదిలే కట్టర్ అదే ఆకారాన్ని ఇంకో దిమ్మలో తీస్తుంది. టోపీ ఎక్కడో ముక్కు ఎక్కడో తెలుస్తుంది గానీ అంతా మొద్దుగా, పైనంతా గీతలు గీతలుగా ఉంటుంది. నాది బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్కతో చేసిన ఏడంగుళాల కౌబాయ్. పొట్ట, పెద్ద టోపీ, మెడకి రుమాలు, చేతులు రెండూ జేబుల్లో.

మొదటిది చేసేశాను. మెషీన్ గీతలన్నీ ఓపిగ్గా తీశాను, కానీ ముఖం అప్పడంలా వచ్చింది. కళ్లు గీసినట్టున్నాయి, చెక్కినట్టు లేవు. ముక్కు చివర ఊడిపోయింది. చెక్క కూడా క్లాసులో ఇచ్చే దిమ్మల కంటే గట్టిగా, పెళుసుగా ఉంది.

ఇప్పుడు రెండోది చేతిలో ఉంది. దీన్ని కౌబాయ్‌గా కాకుండా మా తాతయ్యలా చేయాలని ఆశ. పల్నాడులో మిరప, పొగాకు వేసేవాడు. తలపాగా, బుర్రమీసాలు, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన పంచె, నోట్లో చుట్ట. ఆయన ఫోటో ఇంట్లో ఒక్కటే ఉంది, అదీ పెళ్లి గుంపులో నిలబడింది. వేసవిలో గుంటూరు వెళ్లినప్పుడు ఈ బొమ్మ మా అమ్మ చేతిలో పెట్టాలి.

ఇంకో మాట. క్లాసులో ఒకావిడ "రఫౌట్ మీద చేస్తే అది నీ పని ఎలా అవుతుంది" అంది. అప్పట్నుంచీ మనసులో అదే తిరుగుతోంది. మీరేమంటారు?

ఒహాయో_కత్తి:
అక్కా, ముందు ముఖం సంగతి. మీరు గీతలు తీశారు, ముఖం తీయలేదు. మెషీన్ ఇచ్చిన పైపొర మీరు చెక్కడానికి వదిలిన చెక్క, దాన్ని నునుపు చేసి ఊరుకుంటే మెషీన్ ముఖమే మిగులుతుంది. నేను మొదటి నాలుగైదు బొమ్మలూ అలాగే పాడు చేశాను. ఇప్పుడు పెట్టుకున్న నియమం ఒక్కటే, బొమ్మ పూర్తయ్యేసరికి మెషీన్ తాకిన చోటు గోరంత కూడా మిగలకూడదు. పొర తీసేసి ఆపడం కాదు, కొన్నిచోట్ల పావు అంగుళం లోపలికి వెళ్లాలి.

బొమ్మను నెత్తి మీదుగా చూడండి. ముక్కు గోడ మూలలాగా ముందుకొచ్చి, బుగ్గలు రెండు పక్కలకీ వెనక్కి జారాలి. ఎదురుగా పెట్టుకుని కాగితం మీద బొమ్మ గీసినట్టు చెక్కితే ఎప్పుడూ చదునుగానే వస్తుంది. టోపీ నుంచి గడ్డం దాకా పెన్సిల్‌తో మధ్య గీత గీయండి, చెరిగిపోయిన ప్రతిసారీ మళ్లీ గీయండి. ముక్కు కింద కత్తిని నిలువుగా దించి గాటు పెట్టి, ఆ గాటు దాకా పైపెదవి మీద చెక్క తీసేయండి. తర్వాత ముక్కుకి రెండు పక్కలా కంటి గుంటలు. మెత్తటి మట్టిలో రెండు బొటనవేళ్లు పెట్టి నొక్కితే ఎలా పడతాయో అంత లోతుగా తీయాలి. రెప్పలు, కనుపాపలు అప్పుడే గీయకండి. గుంట సరిగ్గా పడ్డాక అందులో గుడ్డు లాంటి ఉబ్బు వదిలి, దాని రెండు మూలల్లో మూడేసి కోతలతో త్రికోణపు ముక్క లేపితే అక్కడ నీడ పడుతుంది. కన్ను కనిపించేది ఆ నీడ వల్లే. పైన ట్యూబ్‌లైట్ ఆపేసి పక్కనుంచి టేబుల్ లైట్ పెట్టుకుని చూడండి, ఎంత లోతు చాలలేదో వెంటనే తెలుస్తుంది.

చెక్క గట్టిగా ఉండటానికి రెండు కారణాలుంటాయి. చలికాలం హీటర్ గాలికి బాస్‌వుడ్ బాగా ఎండిపోతుంది. రబ్బింగ్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి స్ప్రే సీసాలో పోసుకుని, చెక్కే చోట కొట్టి రెండు నిమిషాలు ఆగండి, కోత తేడా మీకే తెలుస్తుంది. రెండోది కత్తి పదును. పావుగంటకోసారి తోలుపట్టీ మీద రాసుకోకపోతే వెన్న కూడా గట్టిగానే అనిపిస్తుంది. చెక్క నారకు (లోపల పొడుగ్గా సాగే పోగులకు) అడ్డంగా కోసినచోట తెల్లటి చారలు కనిపిస్తున్నాయంటే కత్తి అంచు దెబ్బతిన్నట్టే.

ముక్కు ఎందుకు ఊడిందంటే, నార కింద నుంచి పైకి ఉంటుంది, ముక్కు మాత్రం ముందుకు పొడుచుకొస్తుంది. అక్కడ నార పొట్టిగా ఉంటుంది కాబట్టి కత్తిని మెలితిప్పి ముక్క లేపితే చివర విరగక మానదు. గాటు పూర్తిగా పడ్డాకే ముక్క తనంతట తాను రావాలి. భయమైతే ముక్కు ఆకారం వచ్చాక పల్చటి సూపర్ గ్లూ రెండు చుక్కలు ఇంకనిచ్చి, ఆరాక మిగతా పని చేయండి.

పట్టుకునే చేతికి కోత తగలని గ్లవ్ వేసుకోండి, కత్తి ఉన్న చేతి బొటనవేలికి టేపు చుట్టుకోండి. ఆ గ్లవ్ కోతను ఆపుతుంది గానీ కత్తి మొన గుచ్చుకుంటే ఆపదు, గుర్తుంచుకోండి.

పొణికి_వాసన:
అమ్మా, మాది విజయవాడ. చిన్నప్పుడు కొండపల్లిలో మా బంధువుల ఇంటి పక్కనే బొమ్మల పని జరిగేది, గంటలు గంటలు చూస్తూ కూర్చునేవాణ్ని. అమెరికా రఫౌట్ నేనెప్పుడూ పట్టుకోలేదు గానీ, మీ తాతగారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

ఉన్న చెక్కలోంచి ఏమొస్తుంది, ఏం రాదు అని ముందే లెక్క వేసుకోండి. తలపాగా తేలిగ్గా వస్తుంది, పెద్ద టోపీలో కావలసినంత చెక్క ఉంది. అంచు మొత్తం కోసేయకుండా చుట్టూ వేలెడు మందం వదిలి గుండ్రం చేసి, చుట్లు ఏటవాలుగా తీయండి. మెడ రుమాలు ఎటూ ఉంది కాబట్టి అది కండువా అయిపోతుంది.

చిక్కు పంచె దగ్గరే. ప్యాంటు మీద కుచ్చిళ్లకు సరిపడా చెక్క ఉండదు, పైగా చేతులు జేబుల్లో ఉన్నాయన్నారు, పంచెకి జేబులెక్కడివి? అందుకని పైన పక్కజేబుల లాల్చీ వేయండి. తొడల సగం ఎత్తులో లాల్చీ అంచు గీసుకుని, అక్కడ గాటు పెట్టి కిందిదంతా ఒక మెట్టు లోపలికి దించండి. మళ్లీ మోకాళ్ల దగ్గర ఇంకో గాటు పెట్టి పిక్కల్ని సన్నం చేయండి. ఆ మెట్టే ఎగ్గట్టిన పంచె అంచులా కనిపిస్తుంది. బూట్లలో వట్టి కాళ్లకు సరిపోయేంత చెక్క ఉంటుంది, మడమ కింద ఎత్తు మాత్రం తీసేయాలి.

చుట్టను ముఖంలోంచే చెక్కాలని చూడకండి, విరిగిపోతుంది. విడిగా, నార పొడుగ్గా ఉన్న పుల్లతో చేసి, పెదవి మూల చిన్న రంధ్రం వేసి అతికించండి. ఇందులో తప్పేమీ లేదు. కొండపల్లి బొమ్మల్లో చేతులు, కాళ్లు విడిగా తెల్లపొణికి అనే తేలికపాటి కర్రతో చేసి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ తర్వాత సున్నపు పూత, ఆపైన రంగులు. అతికించారు కాబట్టి అది చెక్కిన బొమ్మ కాదని అక్కడ ఎవరూ అనరు.

నునుపు_వద్దు:
ఆ క్లాసు ఆవిడ మాటకు నా జవాబు ఇది. ఇక్కడ అమెరికాలో పేరున్న చెక్కేవాళ్లు చాలామంది తమ క్లాసులకు తమ సొంత బొమ్మల రఫౌట్లే తెస్తారు. మూడు రోజుల క్లాసులో దిమ్మ నుంచి మొదలుపెడితే రెండు రోజులు వట్టి చెక్క తీయడానికే పోతాయి, ముఖం దగ్గరికి వచ్చేసరికి క్లాసు అయిపోతుంది. కాబట్టి రఫౌట్ మీద చేయడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. ఎవరైనా అడిగితే, పోటీకి పెడితే, అమ్మితే, రఫౌట్ అని చెప్పండి, ఎందుకంటే ఆ నిలబడ్డ తీరు, ఆ పొట్ట ఇంకెవరో ఊహించినవి. మీ తాతయ్య విషయంలో తలపాగా, లాల్చీ, ముఖం అన్నీ మీవే.

అయితే ఒక్క విషయంలో ఆవిడతో ఏకీభవిస్తాను. ఏ చెక్క ముందు తీయాలి, ఏది వదలాలి అనేది రఫౌట్ నేర్పదు. దీని తర్వాత ఒక్కసారైనా బాండ్‌సాతో (పట్టీలా తిరిగే రంపపు మెషీన్) ముందు నుంచీ పక్క నుంచీ కోసిన దిమ్మ మీద మొదలుపెట్టండి.

మీరున్న ఊరు చూసి ఇంకో మాట చెప్పాలనిపించింది. స్వీడన్‌లో ఆక్సెల్ పీటర్సన్ అని ఒకాయన ఉండేవాడు (1868-1925), డోడర్‌హుల్టర్న్ అనే పేరుతో ప్రసిద్ధుడు. తన చుట్టూ ఉన్న రైతుల్ని, పెళ్లిళ్లని, పశువుల్ని చెక్కాడు. కత్తి కోతలు పెద్ద పెద్ద పలకలుగా అలాగే వదిలేసేవాడు, ఇసక కాగితం పెట్టి అరగదీయలేదు. ఆయన బొమ్మలకు ఆస్కర్షామ్న్‌లో మ్యూజియం ఉంది. అమెరికాకు వలసవచ్చిన స్కాండినేవియా వాళ్లు ఈ రకం చెక్కడాన్ని వెంట తెచ్చుకున్నారు, మీ మిన్నెసోటాలో వాళ్లెంతమందో మీకు తెలుసు. రైతు బొమ్మ అంటే ఈ కళకు కొత్తేమీ కాదు. మీ తాతయ్యని కూడా దయచేసి నునుపు చేయకండి, కోతలు కనిపించనివ్వండి.

రంగు వేసే ముందు గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. చేతి జిడ్డు, పెన్సిల్ మరకలు పోతాయి. ఆక్రిలిక్ రంగుల్ని బాగా నీళ్లు కలిపి పల్చగా వేయండి, చెక్క కనపడాలి. పైన బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) రాస్తే గనక, తుడిచిన గుడ్డను ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకండి. అది తనంతట తాను వేడెక్కి మంట అంటుకోవచ్చు. నీళ్లలో ముంచేయండి, లేదా బయట విప్పి పరిచి ఆరనివ్వండి.

మిన్నెసోటా_చలి:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. తమ్ముడూ, మీరు చెప్పినట్టు ముక్కు ఊడిన పాత కౌబాయ్ ముఖం మీదే కంటి గుంటలు తీసి చూశాను, పక్కనుంచి లైటు పెట్టి. మూడుసార్లు లోతు చేశాక కన్ను కనిపించింది. ఆల్కహాల్ నీళ్లు నిజంగా పనిచేశాయి.

కొత్తదానికి టోపీ అంచు నిన్న రాత్రి కోసేశాను. బాబాయిగారూ, మీ లాల్చీ మాట చదివాక మా అమ్మకి ఫోన్ చేసి పెళ్లి ఫోటో మళ్లీ పంపమన్నాను, ఈసారి పెద్దగా చేసి చూశాను. తాతయ్య వేసుకున్నది లాల్చీనే. ఎడమచెయ్యి పక్కజేబులో ఉంది.