నీరసమా? ముందు రక్తపరీక్షా, పని తగ్గించడమా?

బెజవాడ అకౌంటెంట్:
మొన్న సాయంత్రం కుక్కర్ పెట్టి, గుమ్మం దగ్గర కూర్చుని అలాగే నిద్రపోయాను. పక్కింటావిడ వచ్చి స్టవ్ ఆపింది. నాకు 38 ఏళ్లు. పొద్దున 4.45కి అలారం, మామగారికి జావ, మూడు క్యారియర్లు, 8.10 బస్సు. రాత్రి నడుం వాల్చేసరికి 11.30. డాక్టర్ రెండు నిమిషాలు చూసి "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని బి కాంప్లెక్స్ రాశారు. అత్తగారేమో "మేం ఇంతకు రెట్టింపు చేశాం" అంటారు. నేననేది ఒకటే, ఇది జబ్బు కాదు, పని. పరీక్షల చుట్టూ తిరిగే బదులు ఇంట్లో పని పంచుకోవాలి. కాదనేవాళ్లు చెప్పండి.

కరీంనగర్ నర్సు:
పని పంచుకోవాలి, కాదనను. కానీ ముందు రక్తపరీక్ష చేయించుకో చెల్లీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగం మందికి పైనే. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే. అది ముదిరితే మెట్లెక్కినా ఆయాసం, గుండె దడ, మాటిమాటికీ చిరాకు. చూసేవాళ్లకు అచ్చం టెన్షన్ లాగే ఉంటుంది.

మా వార్డుకు ఒకావిడ వచ్చింది. ఏడాదిగా ఒత్తిడే అనుకుంది. కింది రెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 6.8. నెలసరిలో రోజుకు ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నావని ఆ ఏడాదిలో ఆమెను ఒక్కరూ అడగలేదు. స్కాన్ తీస్తే గర్భసంచిలో గడ్డలు. అందుకే "టెన్షన్" అన్న మాట వింటే నాకు భయం. సీబీసీ (హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేయించు. అన్నం తిన్న వెంటనే టీ తాగుతుంటే మానేయి, తిండిలోని ఐరన్‌ను అది ఒంటికి పట్టనివ్వదు.

నైట్ షిఫ్ట్, హైదరాబాద్:
నావన్నీ నార్మల్ రిపోర్టులే అక్కా. అయినా నాలుగు నెలలు నెలసరి రాలేదు. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తెల్లవారుజామున పెరగాలి, రాత్రికి తగ్గాలి. ఏళ్ల తరబడి నిద్ర చెడగొట్టుకుంటే ఆ వరుస తప్పుతుంది. ఒత్తిడి మితిమీరితే మెదడు నెలసరి హార్మోన్లను కూడా తగ్గించేస్తుంది. ప్రాజెక్టు మారి పగటి షిఫ్టుకు వచ్చాకే నేను కోలుకున్నాను. ఒక్క జాగ్రత్త చెప్తాను. "అడ్రినల్ ఫెటీగ్", అంటే ఒత్తిడికి అడ్రినల్ గ్రంథులు అలిసిపోయాయి అంటూ ఫోన్లో అమ్మే పొడులు కొనకండి. హార్మోన్ల వైద్యులు అలాంటి జబ్బు ఉందని ఒప్పుకోరు. వాటికి నేను తగలేసిన డబ్బుతో ఒక వంటమనిషిని పెట్టుకోవచ్చు.

విశాఖ నాన్న:
ఒత్తిడి ఆడవాళ్లకేనా అండీ? వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క చెప్పాయి. అలా ఎక్కువ గంటల పనితో పోయినవాళ్లలో 72 శాతం మగవాళ్లే.

బెజవాడ అకౌంటెంట్:
ఆ బాధ నిజమే అండీ. కానీ అందులో లెక్కేసింది జీతం పని. 2024 కేంద్ర సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 88. నా ఆఫీసు 48 గంటలకు ఇంటిపని ఐదేసి గంటలు కలపండి, వారానికి 83. ఈ గంటలు ఏ మస్టర్‌లోనూ ఎక్కవు. డాక్టర్ కూడా అడగలేదు.

బెజవాడ అకౌంటెంట్ (ఐదు రోజుల తర్వాత):
నర్సక్కా, రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 9.1. థైరాయిడ్ బాగానే ఉంది. మీ మాట వినకపోతే ఇంకో ఏడాది ఇలాగే ఈడ్చేదాన్ని. కానీ నా మాట కూడా వదులుకోను. ఆ కాగితం చూపించాకే మా ఆయన సోమవారం నుంచి జావ, క్యారియర్లు తన మీద వేసుకున్నారు. అంతకుముందు మూడు నెలలు నోటితో చెప్తే ఎవరికీ వినపడలేదు, అంకె చూపిస్తే వినపడింది. నాకు కోపం అక్కడే.

ఐరన్ మాత్ర పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతోంది. రాత్రి వేసుకోవచ్చా?

కరీంనగర్ నర్సు:
వేసుకోవచ్చు చెల్లీ, కాస్త తిన్నాక వేసుకో. పాలతో, టీతో మాత్రం వద్దు. అప్పటికీ తిప్పుతుంటే డాక్టర్‌ను అడిగి మాత్ర మార్పించుకో, నీ అంతట నువ్వు మానేయకు. విరేచనం నల్లగా అవుతుంది, కంగారుపడకు. నెలసరి సంగతి ఇంకా చెప్పలేదు. రోజుకు ఎన్ని ప్యాడ్లు?