డేటాబేస్ క్లౌడ్‌కి వెళ్తోంది, ఇక డీబీఏకి (డేటాబేస్ చూసుకునే ఉద్యోగికి) పనేముంటుంది?

ప్రశ్న (భీమవరం): రొయ్యల ఎగుమతి కంపెనీలో తొమ్మిదేళ్లుగా ఒరాకిల్ డేటాబేస్ చూస్తున్నాను. వచ్చే నెల దాన్ని అమెజాన్ వాళ్లు క్లౌడ్‌లో డేటాబేస్ నడిపిపెట్టే ఆర్‌డీఎస్‌కి మారుస్తారట. ప్యాచ్‌లు, బ్యాకప్‌లు వాళ్లే చూసుకుంటే నాకేం మిగులుతుందండీ? నిద్ర పట్టట్లేదు.

జవాబు (కాకినాడ): టెన్షన్ పడకండి. సర్వర్‌లోకి లాగిన్, సిస్‌డీబీఏ అనే పూర్తి అధికారం పోతాయి, నిజమే. క్వెరీ (డేటా అడిగే ఆదేశం) నత్తలా నడిస్తే సరిచేసేది మాత్రం మీరే. ఆటోమేటిక్ బ్యాకప్‌లు గరిష్ఠంగా 35 రోజులే ఉంటాయి, ఆడిట్‌కి అంతకంటే పాతవి కావాలంటే స్నాప్‌షాట్‌లు (ఆ క్షణం నాటి పూర్తి కాపీలు) విడిగా తీసి పెట్టుకోవాలి.

జవాబు (అమలాపురం): మా ఆఫీసులో ఒకతను, ఏ వరుసలు తీసేయాలో చెప్పే వేర్ కండిషన్ లేకుండా డిలీట్ కొట్టేసి ఒక టేబుల్ మొత్తం ఖాళీ చేశాడు. వెనక్కి రీస్టోర్ చేస్తే అది పాతదాని మీద పడదండీ, కొత్త ఇన్‌స్టన్స్‌గా (వేరే డేటాబేస్ సర్వర్‌గా) లేస్తుంది, అందులోంచి ఆ ఒక్క టేబుల్ తెచ్చి కలిపేసరికి తెల్లారిపోయింది. మారేముందే ఓసారి రీస్టోర్ చేసి చూసుకోండి.

భీమవరం: రేపే చేస్తానండి.